దుంగ గోడ, పలక తొడుగు

దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి యిల్లు కట్టు పద్ధతి మన తెలుగునాట లేదు. మన యింటిలో కొయ్యకు స్థానములు వేరు. స్తంభమునకు, దూలమునకు, వాసమునకు, ద్వారబంధమునకు కొయ్యను వాడుదుము గాని, గోడ మాత్రము మట్టిదో, యిటుకదో, రాతిదో అయి యుండును. హిమాలయ ప్రాంతమున కులూ మొదలగు లోయలలో రాతివరుస నొకటి, కొయ్యవరుస నొకటిగా పేర్చిన గోడలు కలవు. మనకు దుంగగోడకు దగ్గర చుట్టము అదియే. కావున ఉత్తర ఐరోపాలోను అమెరికాలోను శతాబ్దములుగా నిలిచిన దుంగయిండ్ల కథ మన శ్రోతలకు కొంత వింతగా తోచవచ్చును. అయినను ఆ కథలో ఒక చిక్కుప్రశ్న యున్నది. ఏ దేశపు పాతకట్టడమునకైనను అది తగులునట్టిదే. గోడపై తరువాతివారు తొడిగిన తొడుగు ఆ గోడలో భాగమా, లేక గోడను దాచిన ముసుగా? దానిని తొలగింపవలెనా, ఉంచవలెనా? ఈ ప్రశ్నకు తొందరపడి యిచ్చిన యొక సమాధానము వలన లోకప్రసిద్ధమైన యొక కొయ్యదేవాలయము కూలిపోవు స్థితికి వచ్చినది. ఆ వృత్తాంతమును చెప్పుటకు ముందు దుంగ స్వభావమును, పలక పుట్టుకను తెలిసికొనుట అవసరము.

దుంగగోడ ఎంత ప్రాచీనమో చెప్పుటకు ఒక్క సాక్ష్యము చాలును. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున జీవించిన రోమక వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ తన గ్రంథములోని రెండవ భాగమున, నల్లసముద్రపు తీరమందలి కోల్కిస్ జనుల యిండ్లను వర్ణించెను. అడవులు దట్టముగా నున్న ఆ దేశమున వారు నిండు మ్రానులను నేలపై పరచి, వాటి కొనలపై అడ్డముగా మరి రెండు మ్రానుల నుంచి, ఇట్లు నాలుగు వైపుల వరుస వెంబడి వరుస లేపి, నడుమ సందులను చెక్కపేళ్లతోను మట్టితోను మూయుదురట. పదునెనిమిది వందల యేండ్ల తరువాత కరేలియాలోని రైతు గాని, కెంటకీలోని వలసదారు గాని చేసిన పని యిదియే. మూలలయందు దుంగ దుంగను కరచి పట్టునట్లు గంట్లు కొట్టుట, క్రిందిదుంగ గుండ్రదనమునకు సరిపడునట్లు పైదుంగ అడుగున గాడి తొలచుట, ఆ గాడిలో నాచు కూరుట — ఈ నేర్పు నార్వే, స్వీడన్, ఫిన్లండు, రష్యా దేశములలో మిక్కిలి పెరిగినది. గొడ్డలి యొక్కటి చేత నున్న చాలును. రంపము లేకున్నను పని జరుగును. గోడవరకు మేకుతో పని యే లేదు.

అయితే దుంగకు రెండు చిక్కులు పుట్టుకతోనే వచ్చినవి. మొదటిది నీరు. గోడమీద పడిన వాన వెంటనే జారి ఆరిపోయినచో చింత లేదు. కాని దుంగకు దుంగకు నడుమ సందులలో, ఎండకు విచ్చిన బీటలలో, మూలలయందు బయటికి పొడుచుకొని వచ్చిన కొనలలో నీరు నిలుచును. కోసిన కొనలు వత్తి నూనెను పీల్చినట్లు తడిని పీల్చును. నిలిచిన తడిలో బూజు పుట్టును. బూజు వెంట కుళ్లు, కుళ్లు వెంట పురుగు వచ్చును.

రెండవ చిక్కు మన వడ్రంగులకు కూడ తెలిసినదే, కాని మన యిండ్లలో దాని ప్రతాపము అంతగా కానరాదు. పచ్చికొయ్య ఆరునపుడు పొడవున దాదాపు తరుగదు. వెయ్యింట ఒకటి రెండు పాళ్లు మాత్రమే తరుగును. అడ్డముగా మాత్రము నూటికి నాలుగు మొదలు ఎనిమిది పాళ్లవరకు కుదించుకొని పోవును. మన యింటి స్తంభము నిలువునా నిలిచియుండును గనుక పొట్టిది కాదు. దుంగగోడలో కొయ్య అడ్డముగా పండుకొని యుండును గనుక గోడయే పొట్టిదగును. పచ్చిదుంగలతో కట్టిన గోడ అడుగు ఎత్తునకు ముప్పాతిక అంగుళము వరకు దిగునని కట్టుబడివారి లెక్క. అనగా ఎనిమిదడుగుల గోడ ఆరంగుళముల వరకు దిగవచ్చును! ఈ దిగుబాటు ఒక్కనాటితో ముగియదు, కొన్నియేండ్లు సాగును. కిటికీ చట్రముపైన ఆ మేరకు ఖాళీ విడువని వాని గోడ వచ్చి చట్రముపై కూర్చుండును; తరువాత ఆ కిటికీ తెరచుకొనదు.

ఈ రెండు చిక్కులకు లోకులు కనిపెట్టిన ఉపాయములలో పలక తొడుగు ఒకటి. చూరును ముందునకు చాచుట, గోడను రాతిపునాదిపై ఎత్తి నిలుపుట అంతకంటె పాతవి. తొడుగునకు పలకలు కావలెను. గొడ్డలితో మ్రానును చీల్చి పలకలు తీయుట మహాశ్రమ. నీటి బలముతో నడచు రంపములు వచ్చిన పిదపనే పలక అందుబాటులోనికి వచ్చినది. ఫిన్లండులో ఆవిరి రంపపు మిల్లులకు 1857లో అనుమతి లభించెను. మరికొంత కాలమునకు పలక సామాన్యగృహస్థునకు కూడ సుకరమైనది. మేకులను యంత్రములు చేయనారంభించుటయు ఇందుకు తోడ్పడినది. అయితే కొత్తయింటికి వెంటనే పలకలు కొట్టుట తెలివితక్కువ పని. దిగుచున్న గోడకు బిగించిన పలకలు ఉబికి విరుగును. కావున ఉత్తరదేశపు రైతులు యిల్లు కట్టి, కొన్నియేండ్లు అట్లే వదలి, గోడ దిగుట నిలిచిన పిదప పలకలు తొడిగెడివారు. తండ్రి కట్టిన గోడకు కొడుకు పలకలు కొట్టించిన యిండ్లు ఎన్నియో కలవు. తొడుగు తరువాత వచ్చినదని మాత్రమున అది కట్టినవాని యూహలో లేదనుట తగదని మేము తలచుటకు ఇదియే కారణము.

అవసరమున పుట్టినది అంతలో అలంకారమైనది. స్వీడనులో ఫాలున్ రాగిగని చెత్తనుండి తీసిన యెర్రమన్నును నీటిలో రైపిండితోను అవిసెనూనెతోను ఉడికించి గోడలకు పూయుదురు. ఈ యెరుపు మొదట పుట్టినది కొయ్యయింటిని ఇటుకమేడవలె కనబరచుటకే! ఇటుక ధనవంతుల సొత్తు, రంగు అందరిది. కాలక్రమమున ఆ యెరుపే పల్లెయిండ్ల గుర్తై, దానిని చూచి ఇటుకను తలచువారే లేకపోయిరి. ఫిన్లండు పశ్చిమతీరమున రౌమ అను రేవుపట్టణమున్నది. అందలి పాతబస్తీలో సుమారు 600 కొయ్యకట్టడములు నేటికిని జనావాసములై యున్నవి. 1890 ప్రాంతమున ఓడల వర్తకము బాగుగా సాగిన రోజులలో అచ్చటి గృహస్థులు తమ పాత దుంగయిండ్లకు కొత్త పలకలు తొడిగించి, కిటికీల చుట్టును చెక్కడపు చట్రములు పెట్టించి, రాతిభవనముల పోకడలన్నియు కొయ్యలో దించిరి. ఈ పాతబస్తీని ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ 1991లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. గుర్తింపబడినది లోని దుంగ మాత్రమే కాదు. పైపలకతో కూడిన వీధియే.

అమెరికాలో ఈ కథ మరియొక మలుపు తిరిగినది. అచ్చటికి మొదట వచ్చిన ఆంగ్లేయులకు దుంగయిల్లు తెలియదు. వారు కొయ్యచట్రము నిలిపి, ఓకుమ్రానును చీల్చి తీసిన సన్ననిపలకలను చేపపొలుసులవలె ఒకదానిపై నొకటి ఎక్కించి కొట్టెడివారు. అమెరికా తొలి వలసదారులందరు దుంగగుడిసెలలో నుండిరను నమ్మకము వట్టి కట్టుకథయని హెరాల్డ్ షర్ట్‌లెఫ్ అను చరిత్రకారుడు వ్రాసిన గ్రంథము 1939లో వెలువడెను. దుంగగోడను ఆ ఖండమునకు తెచ్చినవారిలో ముందుగా చెప్పదగినవారు 1638లో డెలవేర్ నదీతీరమున నూతన స్వీడన్ వలసను స్థాపించిన స్వీడన్, ఫిన్లండు జనులు. అనంతరము వచ్చిన జర్మనులు మొదలగువారు కూడ ఆ పనిని సాగించిరి. పడమటి అడవులలోనికి చొచ్చుకొనిపోయిన కుటుంబములకు అంతకంటె చౌకయైన గోడ లేదు. కాని వారికి దుంగపై మమకారము లేదు. రెండు పంటలు చేతికి వచ్చి, దగ్గరలో రంపపు మిల్లు వెలసినంతనే, దుంగగోడపై పలకలు కొట్టి తెల్లరంగు పూసెడివారు. అందులకే దుంగలను బాడిసతో బల్లపరుపుగా చెక్కుట కూడ కలదు. నేటికిని పెన్సిల్వేనియా, ఒహాయో ప్రాంతములలో పాతయింటిని పడగొట్టుచున్న పనివారికి పలకల వెనుక దుంగలు కనిపించుట కొత్త కాదు.

ఆ దాచిన దుంగయే యొకప్పుడు రాజ్యాధికారమును తెచ్చిపెట్టినది. 1840 అధ్యక్షపదవికి విలియం హెన్రీ హారిసన్ పోటీచేయుచుండగా, ఎదుటిపక్షపు పత్రిక యొకటి, ఈ ముసలివానికి ఒక పీపా సారాయియు కొంత భరణము నిచ్చినచో దుంగగుడిసెలో కూర్చుండి కాలము గడుపునని ఎగతాళి చేసెను. హారిసన్ పక్షమువారు ఆ ఎగతాళినే జెండాగా ఎత్తుకొనిరి. ఊరూరను బండ్లపై దుంగగుడిసెలు ఊరేగినవి. నిజమునకు ఆయన పుట్టినది వర్జీనియాలోని యొక జమీందారీ ఇటుకమేడలో. తండ్రి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవాడు. ఇక ఒహాయో నదీతీరమున నార్త్ బెండ్ వద్ద ఆయన నివసించిన యిల్లు చాల గదుల పెద్దయిల్లు. దాని గర్భమున మాత్రము ఒక పాత దుంగగుడిసె యున్నది — చక్కని పలకల తొడుగుతో! ఆ దుంగలను దాచుటకు ఆయన ఖర్చు పెట్టిన సొమ్మునకు ఫలితము లేకపోగా, వాటి పేరు మీదనే ఆయన గెలిచెను. 1841 మార్చి 4న ప్రమాణము చేసి సరిగా నెల తిరుగునప్పటికి మరణించెను.

అటుపిమ్మట దుంగ అమెరికనులకు పూజ్యమైనది. కెంటకీలో లింకను పుట్టిన గుడిసెయని చెప్పబడు దానికి పాలరాతి ఆలయమువంటి మందిరము కట్టి, 1911లో ప్రతిష్ఠ జరిపిరి. 2004లో ఆ దుంగల వయోవలయములను లెక్కించి చూడగా, ఆ మ్రానులు లింకను పుట్టిన 1809 నాటికి ఇంకను అడవిలోనే పెరుగుచుండెనని తేలినది. భక్తి యేమో తగ్గినట్లు లేదు.

పూజ్యమైనదానికి నకలు పుట్టుట సహజము. అరిజోనాలో మహాకాన్యన్ లోయ అంచున 1905లో తెరచిన ఎల్ తోవర్ హోటలు అందుకు గొప్ప ఉదాహరణము. చూచినవారు అది నిండు దుంగల కట్టడమని తలంతురు. అది కొయ్యచట్రపు కట్టడము. క్రింది అంతస్తు వెలుపలిగోడకు, దుంగను చీల్చి తీసిన గుండ్రని పైచెక్కను కొట్టి, మూలలయందు దుంగలు కరచుకొన్నట్లు గంట్లు కూడ కొట్టిరి. చార్లెస్ విటిల్సీ అను వాస్తుశిల్పి దీనిని రూపొందించెను. నూరేండ్లకు ముందు దుంగగోడ పలకయింటి వేషము వేసికొనగా, ఇప్పుడు పలకయిల్లు దుంగగోడ వేషము వేసికొనినది. ఇరువదవ శతాబ్దమున యంత్రములు అర్ధదుంగ ఆకారపు పలకలను గజాల లెక్కన చేసి యిచ్చుటతో ఈ వేషము చౌకయైనది.

వేషమని తేలికగా తీసివేయరాదు. దుంగయింటిలో కూడ పలక లేక తీరని చోట్లు కలవు. కప్పు రెండు వాలుల నడుమ మిగులు ముక్కోణపు గోడను దుంగలతో లేపుట కష్టము, ఖర్చు. అక్కడ అడ్డుగోడ కరచుకొని నిలిపెడి మూల యుండదు. పాతయింటికి ఒక గది చేర్చవలసి వచ్చినపుడు కొత్తదుంగను పాతగోడలోనికి చొప్పించుట అంతకంటె కష్టము. కాబట్టి ఆ భాగములను చట్రముతో కట్టి, దుంగకు జతపడు పలకను తొడుగుదురు. ఈ జతకూర్పులోనే పనివాని నేర్పు కనబడును. గోడది పైను అయినచో పలకయు పైను కావలెను. దుంగ ముఖము ఎనిమిదంగుళములైన పలక ముఖము కూడ అంతే యుండవలెను. దుంగవరుసలకు పలకవరుసలు ఎదురెదురుగా రావలెను. రంగునూనె ఒకే డబ్బాలోనిది రెండింటికిని పూయవలెను. అయినను పాతకొయ్య ఎండకు ముదిరి యుండును గనుక కొత్తపలక కొన్నియేండ్లపాటు కొత్తదిగానే కనబడును. లోపల గది గోడలకు, అడ్డుగోడలకు కణుపులు కనబడు పైను పలకలను, ఒకదాని నాలుక మరియొకదాని గాడిలో దూరునట్లు అమర్చి కొట్టుదురు.

కంటికి జతపడినంత మాత్రమున పని ముగియలేదు. దుంగగోడ దిగును, చట్రపుగోడ దిగదు. ఈ రెండింటిని బిగించి కట్టినవాని యింట మొదటి చలికాలములోనే పలకలు పగులును. అందుచేత రెండు గోడలు కలియుచోట నిలువుగాడి కోసి, పలకకొన అందులో జారునట్లు ఉంచుదురు. చట్రమును దుంగకు బిగించు మరకు గుండ్రని రంధ్రము గాక నిలువుగా పొడవైన రంధ్రము చేయుదురు. దుంగ దిగినకొలది మర రంధ్రములో జారును. కిటికీపైని ఖాళీలో మెత్తని పదార్థము కూరి, పైన కప్పు పట్టీని ఒక్క అంచునే మేకులతో కొట్టుదురు. ఈ జాగ్రత్తలేవియు బయటికి కనబడవు. మేము ఈ విషయమై చదివిన వివరములలో మాకు మిక్కిలి నచ్చినది ఈ జారుడు రంధ్రమే. పలకకు వెనుక సందు విడుచుట కూడ అట్టిదే. పలక దుంగకు అంటుకొని యుండరాదు. నడుమ గాలి ఆడవలెను. లేనిచో లోనికి దిగిన తడి ఆరక, కాపాడవలసిన తొడుగే గోడను కుళ్లజేయును.

ఇక ముందు చెప్పిన దేవాలయపు కథ. రష్యాదేశమున కరేలియాలో ఒనేగా సరస్సు నడుమ కిజి యను చిన్నద్వీప మున్నది. అచ్చట 1714లో కట్టిన క్రీస్తు దివ్యరూపధారణ దేవాలయము 22 గోపురములతో, 37 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. గోడలు పైను దుంగలవి. గోపురములకు కప్పిన కొయ్యపెంకులు ఆస్పెన్ మ్రానువి. కొత్తలో బంగారువలెను, ముదిరిన పిదప వెండివలెను మెరయును. నెస్టర్ అను వడ్రంగి దీనిని ముగించి, ఇటువంటిది ఇక నెవ్వరును కట్టరాదని తన గొడ్డలిని సరస్సులోనికి విసరెనని జనులు చెప్పుకొందురు. ఒక్క మేకయినను లేకుండ కట్టిరనుట మాత్రము పూర్తిగా నిజము కాదు. గోపురముల పెంకులను మేకులతోనే కొట్టిరి.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ దేవాలయపు దుంగగోడలకు పలకలు తొడిగి తెల్లరంగు పూసిరి. గోపురములపై ఇనుపరేకులు వేసిరి. ఆనాటివారి కది జీర్ణోద్ధరణము. అభిరుచి ఎట్టిదైనను, వాన మాత్రము దుంగను తాకుట మానినది. 1949 మొదలు 1959 వరకు అలెగ్జాండర్ ఒపొలోవ్నికోవ్ అను వాస్తుశిల్పి నడపిన పునరుద్ధరణములో పలకలను, రేకులను ఊడదీసిరి. 1714 నాటి శిల్పి ఉద్దేశించిన రూపమును లోకమునకు చూపవలెననునది ఆయన ఆశయము. ఆ ఆశయమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. ఈనాడు ప్రపంచమునకు తెలిసిన కిజి రూపము, పటములలో చూచి మనము ముగ్ధులమగు రూపము, ఆయన చలవయే. కాని నూరేండ్లకు పైగా తొడుగుచాటున నున్న వయసుమళ్లిన దుంగలపై వాన, మంచు, సరస్సుగాలి ఒక్కసారిగా పడినవి. కుళ్లు వేగము పెరుగుటకు ఈ తొడుగు తొలగింపు ఒక ముఖ్యకారణమని అనంతరకాలపు నిపుణులు పలువురు అభిప్రాయపడిరి. గోడలు ఒరిగినవి. 1980లో దేవాలయమును సందర్శకులకు మూసివేసిరి. ఆ దశకపు తొలియేండ్లలోనే గర్భమందలి చిత్రపటముల తెరను విప్పి భద్రపరచి, ఉక్కుచట్రము నొకదానిని లోపల నిలిపి, కట్టడమును దానికి ఆనించిరి. 1990లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరునాటికి దేవాలయము ఉక్కుకఱ్ఱలపై ఆనిన వృద్ధునివలె నుండెను.

ఇటువంటి అనుభవములు అమెరికాలోను లేకపోలేదు. అచ్చటి జాతీయ వనముల శాఖ దుంగకట్టడముల సంరక్షణమును గూర్చి 1991లో ప్రకటించిన సూచనలలో, పాత దుంగయింటి పలకలను ఊడదీసి దుంగలను బయటపెట్టు వాడుకను గూర్చి హెచ్చరించినది. దుంగ కనబడినచో ఇంటికి ప్రాచీనత వచ్చునని యజమానుల యూహ. కాని పలకకొరకే చెక్కిన దుంగ బయటి వానకు సిద్ధపడినది కాదు. తొడుగు కూడ ఆ యింటి చరిత్రలో ఒక పుట. కిజిలో ఒపొలోవ్నికోవ్ కోరిన సత్యము 1714 నాటిది. రౌమలో గృహస్థులు నిలుపుకొనినది 1890 నాటిది. ఏది యెక్కువ నిజమని తూచుటకు మాకు త్రాసు దొరకలేదు. ఏది యెక్కువ పొడిగా నున్నదో మాత్రము చెప్పగలము.

కిజిలో తిరిగి పలకలు తొడుగలేదు. దేవాలయము నంతను విప్పి మరల కట్టుట యను ఆలోచనను కూడ విడిచిరి. రష్యను పనివారు కనుగొనిన ఉపాయము అసామాన్యమైనది. కట్టడమును క్రిందినుండి పైకి ఏడు అంతరువులుగా విభజించి, పైభాగము నంతను ఎత్తుయంత్రములతో గాలిలో నిలిపి పట్టి, అడుగు అంతరువు దుంగలను ఒక్కొక్కటిగా బయటికి తీసిరి. ప్రతి దుంగకును గుర్తు వేసి, ద్వీపముపై నిర్మించిన కార్ఖానాలోనికి కొనిపోయి, కుళ్లినంతవరకే తొలచి తీసి, ఆ ఖాళీకి సరిపడు కొత్తముక్కను అతికిరి. అతుకుముక్క కూడ పైనే. చేవ, పీచు పాతదానితో కలియునట్లు ఎంచినది. పూర్తిగా చెడిన దుంగకు మాత్రమే మారుదుంగను వేసిరి. అంతరువును మొదట కార్ఖానాలో పేర్చి చూచి, సరిగా కుదిరిన పిదప తిరిగి దేవాలయము క్రింద చేర్చిరి. తరువాత దాని పై అంతరువు. ఇట్లు ఏండ్ల తరబడి సాగిన పని ముగింపునకు వచ్చి, 2020లో దేవాలయద్వారము సందర్శకులకు మరల తెరువబడినది. గోడవద్దకు వెళ్లి చూచినవారికి బూడిదవన్నె పాతదుంగలో పసుపువన్నె కొత్తముక్క ఎక్కడెక్కడ అతికిరో తెలియుచుండును. ఎండయు, వానయు, సరస్సుగాలియు తగులుటవలన ఆ ముక్కలు కూడ ఏటేట బూడిదవన్నెకు తిరుగుచున్నవి.